ఆటపాటల మేటి ఆదిభట్ల నారాయణదాసుగారు

శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారి పేరు విననివారు ఆంధ్రదేశమున అరుదు. వారి గ్రంథములను చదివినవారు కొందఱు కలరు. వారి హరికథను కన్నులార చూచి, వీనులార విన్నవారు మాత్రము నేడు దాదాపు లేరనియే చెప్పవలెను. దాసుగారు కీర్తిశేషులై ఎనుబది యేండ్లు దాటినవి. ధ్రువ చరిత్రము, అంబరీష చరిత్రము, రుక్మిణీ కల్యాణము మున్నగు వారి హరికథలు గ్రంథాలయపు బీరువాలో దొరకినచో, ఒకదానిని తీసి ఒక పూటలో చదివి ముగింపవచ్చును. ఆ కథనే దాసుగారు కాలికి గజ్జె కట్టి చెప్పునపుడు వినువారికి రేయి గడచుట తెలిసెడిది కాదు. పుస్తకమునందలి కథకును, పందిరిలోని కథకును నడుమనున్న అంతర మెట్టిదో తెలిసికొనుటకు వారి జీవితముకంటె మంచి నిదర్శనము వేఱొకటి లేదు.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన బొబ్బిలి ప్రాంతమునందలి అజ్జాడ గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి నరసమ్మగారు. తలిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. తల్లి నోట భాగవత పద్యములు వినుచు పెరిగిన బాలునకు, పుస్తకము పట్టకమునుపే పద్యములు పట్టుబడినవి. ఐదేండ్ల ప్రాయమున తల్లివెంట పుస్తకముల అంగడికి పోయి తనకు భాగవతము కావలెనని అడిగెననియు, అంగడివాడు వింతపడి పరీక్షింపగా గడగడ పద్యములు వినిపించెననియు, ఆ వర్తకుడు సంతోషించి భాగవతమును, దానితో కొంత పైకమును చేతబెట్టి పంపెననియు వారి జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. ఇందు బాలుని జ్ఞాపకశక్తితోపాటు గమనింపదగినది మఱొకటి కలదు. ఆనాటి పల్లెలలో పుస్తకము ఒకరి యింట నుండిన, దానిని వినువారు నలుగురు పదుగురు ఉండెడివారు. విద్య కంటికంటె ముందు చెవికి వచ్చెడిది.

ఆ బాలుని కంఠమును గుర్తించినవారు బొబ్బిలి సంస్థానమునందలి సంగీత విద్వాంసులు, దాసుగారికి బంధువులు నైన వాసా సాంబయ్యగారు. వారు పిల్లవానిని బొబ్బిలికి తోడ్కొనిపోయి సంగీతము చెప్పిరి. ఆ శిక్షణ చిరకాలము సాగలేదు. విజయనగరమున న్యాయవాదిగా నుండిన అన్నగారు, తమ్ముడు ఇంగ్లీషు చదువు నేర్వవలెనని తలచి తనయొద్దకు రప్పించుకొనిరి. కనుక దాసుగారికి గురుముఖమున లభించినది కొద్దియే. తరువాతి దంతయు విని, చూచి, సాధనచేసి స్వయముగ గడించుకొన్నదే.

వినుటకును చూచుటకును ఆనాటి విజయనగరమువంటి పట్టణము మఱొకటి దొరకుట కష్టము. 1879 మొదలు 1897 వఱకు ఆ సంస్థానమును పాలించిన ఆనంద గజపతి మహారాజు సంగీత సాహిత్యములకు పెట్టనికోట. గాయకులు, వైణికులు, కవులు, శాస్త్రవేత్తలు ఆ ఆస్థానమును ఆశ్రయించి యుండిరి. గురజాడ అప్పారావుగారు ఆ పట్టణముననే యుండిరి. వారి కన్యాశుల్కము 1892లో విజయనగరమునందే మొదట ప్రదర్శింపబడినది, అచ్చుపడినది 1897లో. అనగా ఐదేండ్లపాటు ఆ నాటకము చూచినవారి సొత్తేగాని, జనసామాన్యమునందు చదువరుల సొత్తు కాదు. నేడు మనము దానిని పుస్తకముగనే ముందు ఎఱుగుదుము గనుక ఈ సంగతి మఱచిపోవుదుము.

అట్టి పట్టణమునకు 1883వ సంవత్సరమున మద్రాసునుండి కుప్పుస్వామి నాయుడుగారను భాగవతులు వచ్చి హరికథ చెప్పిరి. వినవచ్చిన జనములో నారాయణదాసుగారు ఒకరు. అప్పటికి వారికి పందొమ్మిదవ యేడు. భాగవతము కంఠస్థము. సంగీతము తెలియును. కవిత్వము చెప్పగలరు. రూపము, కంఠము భగవద్దత్తములు. ఇవి యన్నియు వేఱువేఱుగ చేతనున్నవేగాని, వీనిని ఒక్కచోట కూర్చి నిలుపు త్రోవ కనబడలేదు. ఆ త్రోవ వారికి కుప్పుస్వామి నాయుడుగారి వేదికమీద కనబడినది. ఒక్క మనుష్యుడు నిలుచుండి, పాట, పద్యము, మాట, అభినయము అను నాలుగింటితో వందలమందిని కదలకుండ కూర్చుండబెట్టుట అచట కన్నులయెదుట జరిగెను. ఇట్టిది సాధ్యమని ఏ పుస్తకమును ఆయనకు చెప్పియుండలేదు. చెప్పినను నమ్మకము కుదిరియుండెడిది కాదు. ఆ ప్రదర్శనమునకు ఆయన వెళ్లకయున్నచో ఏమగునో ఊహించుట వ్యర్థము. వెళ్లిరి, చూచిరి, ఆంధ్రదేశమునకు హరికథ లభించినది.

హరికథ యన్నది అప్పటికి కొత్తగ పుట్టిన కళ కాదు. మహారాష్ట్రమునందలి కీర్తన సంప్రదాయము తంజావూరు మరాఠా ప్రభువుల కాలమున దక్షిణమునకు దిగివచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున తంజావూరు కృష్ణ భాగవతులు దానికి కర్ణాటక సంగీతమును పుష్కలముగ జోడించి అరవనాట ప్రసిద్ధికి తెచ్చిరి. తెలుగునాట పురాణ కాలక్షేపము కలదు, యక్షగానము కలదు, జంగము కథ కలదు. పురాణమున పండితుడు కూర్చుండి అర్థము చెప్పును. యక్షగానమున వేషములు పలువురు కట్టుదురు. ఒక్కడే నిలిచి, వేషము మార్పక, అన్ని పాత్రలును తానే యగు తెలుగు హరికథ దాసుగారి చేతిలో రూపుదిద్దుకొన్నది. అందుచేతనే వారిని హరికథా పితామహులని లోకము పిలిచినది.

దాసుగారు ఆ సంవత్సరమే ధ్రువ చరిత్రమును స్వయముగ రచించి, విజయనగరమున వేణుగోపాలస్వామి ఆలయమునందు తొలి కథ చెప్పిరి. ఐదేండ్ల ప్రాయమున భాగవతము నడిగి తెచ్చుకొన్నవారు, అదే భాగవతమునుండి ఐదేండ్ల బాలుని కథనే తొలుత ఎన్నుకొనుట యాదృచ్ఛికమే కావచ్చునుగాని, వినుట కింపుగ నున్నది. పిదప అంబరీష చరిత్రము, గజేంద్ర మోక్షణము, ప్రహ్లాద చరిత్రము, సావిత్రీ చరిత్రము, హరిశ్చంద్రోపాఖ్యానము, భీష్మ చరిత్రము, యథార్థ రామాయణము మొదలుగాగల కథ లెన్నియో వెలువడినవి. ఇతరులు వ్రాసిన కీర్తనలను ఏర్చి కూర్చుకొనక, కథ, పాట, పద్యము, వచనము అన్నియు తామే వ్రాసి, తామే బాణీ కట్టి, తామే పాడి ఆడుట వారి విశేషము.

ఇక ఆ ప్రదర్శనము ఎట్లుండెడిదో కొంత విపులముగ చెప్పవలసియున్నది. పట్టుపంచె బిగించి కట్టి, మెడలో పూలదండ వేసికొని, కాళ్లకు గజ్జెలు, చేత చిరతలు ధరించి భాగవతుడు వేదిక నెక్కును. వెనుక మృదంగము, ఫిడేలు. ఎదుట నేలమీద చాపలు, జంబుఖానాలు. వాని కవతల నిలుచున్న జనము. దేవతాప్రార్థనముతో మొదలై కథ సాగును. ఒక పాట, దాని వెనుక ఒక పద్యము, ఆపై వచనము. నడుమ కునుకుపాట్లు పడువారిని లేపుటకు ఒక పిట్టకథ. నవ్వులు చల్లారకమునుపే మరల కరుణరసము. ఏ ఘట్టమును పెంచవలెనో, దేనిని కుదింపవలెనో ముందుగ నిర్ణయమై యుండదు. ఎదుటి ముఖములను చూచి ఆ క్షణమున నిర్ణయింపవలసినదే. పండితులు ముందు కూర్చుండినచో శ్లోకమునకు వ్యాఖ్యానము. రైతులు, స్త్రీలు, పిల్లలు ఎక్కువగ నుండినచో సామెత, చమత్కారము. కాబట్టి ఒకే భాగవతుడు ఒకే కథను రెండూళ్లలో చెప్పినను రెండు కథలగును. వినువారు కూడ కథలో పాలుపంచుకొన్నట్లే.

ధ్రువుని కథనుండియే ఒక ఘట్టము తీసికొందము. తండ్రి తొడమీద కూర్చుండబోయిన బాలుని సవతితల్లి సురుచి ఈసడించును. ఉత్తానపాద మహారాజు వినుచునే యుండును. భార్యకు జంకి ఒక్క మాటయు అనడు. బాలుడు ఏడ్చుచు తల్లి సునీతియొద్దకు పరుగెత్తును. సురుచి మాటలను వ్రాయవచ్చును. బాలుని ఏడుపునకు ఒక పాట కట్టవచ్చును. తండ్రి మౌనమును ఎట్లు వ్రాయుట? రాజు పలుకలేదని వ్రాసినచో అది సమాచారము మాత్రమే. హరికథకుడు ఆ చోట పాట నాపి, గజ్జె నాపి, తల కొంచెము ప్రక్కకు త్రిప్పి, మృదంగము సైతము నిలిచిపోవ నొక క్షణమాగినచో, చాపమీద కూర్చున్న ప్రతి తండ్రికిని ఆ మౌనము తగులును. అచ్చుపుస్తకమున ఆ తావున ఒక పూర్ణవిరామము తప్ప మఱేమియు నుండదు.

దాసుగారి కంఠము గంభీరము, మధురము, విగ్రహము స్ఫురద్రూపము. వారు కథలు చెప్పిన తొలి దశాబ్దములు ధ్వనివర్ధకములు లేని దినములు. ఎంతటి సభయైనను కంఠబలముతోనే ఏలవలెను. చివరి వరుసలోనివారికి మాట స్పష్టముగ వినబడవలెనన్న, అరచుట పనికిరాదు. అరచిన పాట చెడును. అక్షరమును ఒత్తిపలుకుట, శ్రుతిని వదలకుండుట, ఊపిరి నిలుపుట అను మూడింటి అభ్యాసమున ఆ శక్తి వచ్చును. యంత్ర సహాయమున పెరిగిన కంఠమునకును, రొమ్మునుండి వచ్చిన కంఠమునకును భేదము విన్నవారికే తెలియును.

లయయందు దాసుగారికిగల అధికారము మఱింత అద్భుతము. వారికి లయబ్రహ్మ యనియు, పంచముఖీ పరమేశ్వరుడనియు ప్రసిద్ధి. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు అను ఐదింటితో ఐదు వేఱువేఱు తాళములను ఏకకాలమున నడుపుచు పాడుటయే పంచముఖి. రెండు చేతులతో రెండు తాళములు వేయబూనినచో ఎంతకష్టమో ఎవరైన తమ యింట ప్రయత్నించి చూడవచ్చును; ఒక చేయి రెండవదాని వెంటబడిపోవును. ఐదును వేఱుగ నడచి, లెక్క ముగియువేళకు ఒక్కచోట కలిసికొనవలెను. ఈ విద్యయందు ఒక చిత్రము కలదు. దీనిని చెవితో మాత్రమే గ్రహించుట సాధారణునకు సాధ్యము కాదు. ఏ దెబ్బ కుడిచేతిదో, ఏది ఎడమకాలిదో కన్నుచూచి చెప్పినగాని చెవి విడదీయజాలదు. వట్టి ధ్వనిగా విన్నచో అదొక చప్పుళ్ల కలగాపులగముగ తోచును. చూచువానికి మాత్రము అది ఐదుగుఱ్ఱముల రథమువలె కనబడును. దాసుగారు సంగీత సాహిత్య అష్టావధానములను కూడ చేసిరి. అందును అంతే, ఎక్కడ తప్పునోయని ఊపిరి బిగబట్టి యెదుట కూర్చున్నవారికే ఆ గెలుపు గెలుపుగ తెలియును.

గ్రామఫోను మన దేశమునకు ఇరువదవ శతాబ్దారంభమున వచ్చినది. ఆనాటి పళ్లెము ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రము పాడెడిది. ఒక కీర్తనను కుదించి అందు ఇమిడింపవచ్చును. ఎందఱో మహావిద్వాంసుల పాట ఆ విధముగ మనకు దక్కినది. అందుకు కృతజ్ఞులమై యుండవలసినదే. కాని రేయంతయు సాగు హరికథ, ఆటతోను అభినయముతోను కూడినది, మూడు నిమిషముల పళ్లెములో ఇముడునది కాదు. గజ్జె చప్పుడు వినబడునేమోగాని పాదము కనబడదు.

దాసుగారు ఊరూర తిరిగి కథలు చెప్పిరి. మచిలీపట్నము, మద్రాసు, బెంగుళూరు మొదలగు పట్టణములకు పోయిరి. మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడయారు సముఖమున కథ చెప్పి సన్మానము పొందిరి. తిరిగి విజయనగర సంస్థానమున ఆస్థాన విద్వాంసులైరి. రాజులు మెచ్చిన మాట గొప్పదేకాని, దాసుగారి కీర్తికి అసలు పునాది దేవాలయ ప్రాంగణములందును, ఉత్సవముల పందిళ్లయందును కూర్చున్న సామాన్య జనము. అక్షరము రానివాడు సైతము ధ్రువుడెవడో, అంబరీషుడెవడో ఎఱిగియుండుటకు హరికథకులు ముఖ్యకారకులు. గ్రంథాలయోద్యమపు తొలిదినములలో పెద్దలు పుస్తకములతోపాటు పురాణ కాలక్షేపములను, హరికథలను కూడ ఏర్పాటు చేయుచుండుట ఈ మర్మ మెఱిగియే.

దాసుగారు వట్టి గాయకులని ఎవరైన తలచినచో పొరబాటు. సంస్కృతాంధ్రములేగాక ఇంగ్లీషు, పారసీకము మున్నగు భాషలు వారికి వచ్చును. ఉమర్ ఖయ్యాము రుబాయీలను పారసీక మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఇంగ్లీషునుండియు సంస్కృతములోనికిని, అచ్చతెలుగులోనికిని అనువదించి 1932లో ప్రకటించిరి. కాళిదాసు, షేక్స్పియరుల రచనలనుండి తొమ్మిది రసములకు ఉదాహరణములు తీసి నవరసతరంగిణి కూర్చిరి. దశవిధ రాగ నవతి కుసుమ మంజరి యను కృతిలో తొంబది రాగములు గుచ్చిరి. లలితా సహస్రనామములను తల్లివిన్కి యను పేర అచ్చతెలుగు చేసిరి. నా యెఱుక యను స్వీయచరిత్రను వ్రాసిరిగాని, అది వారి తొలి ముప్పది యేండ్ల వఱకే నడచినది. ఆ పిదప అర్ధశతాబ్దమును వారు వేదికలమీద గడపిరి. దానినిగూర్చి వారి కలము చెప్పినది తక్కువ. ఇంతటి గ్రంథకర్తను జనము గ్రంథకర్తగ గాక ఆటపాటల మేటిగ జ్ఞాపకముంచుకొనుట కొందఱు పండితులకు వెలితిగ తోచవచ్చును. జనుల తీర్పే సరియైనదని చెప్పవలెను. వారు తాము చూచినదానిని జ్ఞాపకముంచుకొనిరి.

1919వ సంవత్సరము ఫిబ్రవరిలో విజయనగరమున మహారాజా విజయరామ గజపతి సంగీత పాఠశాలను స్థాపించిరి. సంస్థానోద్యోగి యొకరి అంధుడైన కుమారునికి సంగీతము నేర్పింపవలెనను తలపే దానికి బీజమని చెప్పుదురు. తొలి అధ్యక్షులు నారాయణదాసుగారు. 1936 వఱకు వారు ఆ పదవియందుండిరి. ఆ పాఠశాలయందు విద్య అంతయు ముఖాముఖిగ జరుగునదే. గురువు పాడును, శిష్యుడు వినును, పాడును. గురువు తల అడ్డముగ ఊపినచో మరల పాడును. కమకమును కాగితముమీద వ్రాసి చూపుట ఎవరికిని చేతకాని పని.

ఆ తొలినాళ్లలో జరిగిన ఒక సంగతి అందఱికిని తెలిసినదే యైనను మరల చెప్పికొనదగినది. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు, కంటిచూపు మందమైన యువకులు, ఇరువదియాఱేండ్ల ప్రాయమున ఫిడేలు పట్టుకొని ఆ పాఠశాలలో విద్యార్థిగ చేరుటకు వచ్చిరి. దాసుగారు వారిచేత వాయింపజేసి వినిరి. విన్న పిమ్మట విద్యార్థిగ చేర్చుకొనుట మానుకొని, ఆచార్యునిగ నియమించిరి. యోగ్యతాపత్రముల నడిగియున్నచో నాయుడుగారు బల్లమీద శిష్యులనడుమ కూర్చుండెడివారు. దగ్గర కూర్చుండి విన్న చెవి ఆ పొరబాటు జరుగనీయలేదు. పదునేడేండ్ల పిదప, 1936లో, దాసుగారి యనంతరము ఆ పాఠశాలకు అధ్యక్షులైనవారు ఆ నాయుడుగారే.

వారి అధ్యక్షతయందే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు బాలుడై ఆ పట్టణమునకు వచ్చిరి. వ్రేలి యుంగర మమ్ముకొని దారిఖర్చు సమకూర్చుకొనిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి సంగీతము చెప్పిరి. మధుకరమెత్తుకొని పొట్ట గడపుకొనుచు నేర్చిరి. తరువాత ఆ కంఠము రేడియోలద్వారమున, రికార్డులద్వారమున తెలుగువారి యింటింటికి చేరినది. అది నేర్చుకొనుటకు మాత్రము ఆ బాలుడు ఇల్లు విడిచి గురువు ముంగిటికి పోవలసివచ్చినది.

అప్పటికి దాసుగారు వృద్ధులై విజయనగరముననే విశ్రమించుచుండిరి. ఎనుబది యేండ్లు నిండిన పిమ్మట, 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన, ఆ పట్టణముననే కాలధర్మము చెందిరి. మొదటి కథ చెప్పిన వేణుగోపాలస్వామి ఆలయ మున్నదియు, చివరి శ్వాస విడిచినదియు ఒక్క ఊరే.

వారి హరికథలను చేతబట్టి, వారి అడుగుజాడలలో కథలు చెప్పిన భాగవతులు తెలుగునాట తరువాత తరువాత ఎందఱో వచ్చిరి. హరికథకై కోట సచ్చిదానందశాస్త్రిగారికి భారత ప్రభుత్వము 2023లో పద్మశ్రీ నొసగినది. వెనుకటివలె ఊరూర నెలల తరబడి కథలు జరుగుట లేదుగాని, శ్రీరామనవమి పందిళ్లయందు, దేవీ నవరాత్రములందు నేటికిని అచటచట గజ్జె మ్రోగుచున్నది. అట్టి పందిళ్లలో వేదికకు దగ్గరగ, మొదటి చాపమీదికి ముందుగ వచ్చి కూర్చుండువారు పిల్లలు.